అమ్మ చెరిపేసిన ముఖాలు

ఈ చలికాలం మొదట్లో ఒక పొద్దున ఆక్లండ్ శివారులోని న్యూ లిన్‌లో రైలెక్కి కూర్చున్నాను. వానలో తడిసి వచ్చిన ఒక ముసలాయన నా పక్క సీట్లో కూలబడ్డాడు. ఆయన ఉన్ని స్వెట్టర్ నుంచి తడి గొర్రె వాసన, పాత బీరువా వాసన కలిసి వచ్చాయి. నాకు నెలలు నిండుతున్న రోజులవి, ఏ వాసనా పడేది కాదు. కాని ఆ వాసనకు ముఖం తిప్పుకోలేదు. కళ్లు మూసుకున్నాను. నేను ఆక్లండ్‌లో లేను. టౌరంగాలో మేము అద్దెకున్న చెక్క ఇంట్లో, హీటర్ ముందు ఆరేసిన నా స్కూలు స్వెట్టర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతులు కాచుకుంటున్నాను.

హనుమకొండ నుంచి ఆ ఇంటికి వచ్చేటప్పటికి నాకు ఎనిమిదేళ్లు. రెండువేల సంవత్సరం దాటి ఇంకా ఎంతో కాలం కాలేదు. నాన్నకు ఓడరేవు పక్కన ఒక లారీల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. అమ్మ పండ్ల కాలంలో ప్యాకింగ్ షెడ్డుకు వెళ్లి కివీ పండ్లు ఏరేది, సాయంత్రం ఇంటికొచ్చాక చేతులకు అంటిన నూగు పోయేదాకా శనగపిండితో రుద్దుకునేది. చలికాలం ఆ ఇంట్లో బయటకన్నా లోపలే ఎక్కువ చలి. రాత్రంతా మేము విడిచిన ఊపిరి, అన్నం వండిన ఆవిరి, ఆరని బట్టల చెమ్మ అన్నీ పోయి కిటికీ అద్దాలకు లోపలి వైపు పట్టుకునేవి. తెల్లారేసరికి ప్రతి అద్దమూ చెమటోడుతున్నట్టుండేది. పాత తువ్వాలు పట్టుకుని గదిగదికీ తిరిగి ఆ నీళ్లు తుడవడమే అమ్మ మొదటి పని. తుడవకపోతే చెక్కకు నల్లటి బూజు పట్టి, నా ఛాతీలో పిల్లి కూతలు మొదలయ్యేవి.

ఎండాకాలం మాత్రం ఆ ఊరు వేరే ఊరు. క్రిస్మస్‌కు పొహుటుకావా చెట్లు ఎర్రగా పూసి, రోడ్ల మీద ఆ పూల కేసరాలు కుంకుమ చల్లినట్టు పరుచుకునేవి. అమ్మ గరిజెలు, సకినాలు చేసి అటూ ఇటూ ఉన్న ఇళ్లకు పంచేది. పక్కింటి తెల్ల పిల్లలు సకినాన్ని వేలికి తొడుక్కుని ఉంగరంలా ఆడుకుని తర్వాత తినేవాళ్లు. వాళ్లు చెప్పుల్లేకుండా డైరీ దాకా, అంటే ఆ మూల మీది చిన్న కొట్టు దాకా, వేడెక్కిన రోడ్డు మీద నడిచి ఐస్‌క్రీమ్ కొనుక్కునేవాళ్లు. నేనూ అరికాళ్లు కాలుతున్నా పైకి తెలియనివ్వకుండా వెంట నడిచేదాన్ని. బదులుగా వాళ్లకు కచ్చకాయలు నేర్పాను. సముద్రపు ఒడ్డున దొరికే తేలికపాటి నురగరాళ్లు ఏరి తెచ్చి ఎగరేస్తే, గాలికి అవి పక్కకు పోయేవి, ఎవరి చేతికీ చిక్కేవి కావు. ఎండలు తగ్గాక ఫీజోవాలు రాలేవి. జామకాయకు దూరపు చుట్టంలా ఉండే ఆ ఆకుపచ్చ కాయల్ని జనం బుట్టల్లో పోసి గేటు ముందర పెట్టేవాళ్లు, కావలసినవాళ్లు తీసుకుపోవచ్చు. అమ్మ వాటిని పచ్చిమిరపకాయలతో నూరి తొక్కు చేసేది.

అమ్మకు బొమ్మలు వచ్చని నాకు తెలిసింది ఒక చలికాలపు పొద్దున. తొందరగా మెలకువ వచ్చి వంటింట్లోకి వెళ్లాను. అమ్మ నాకు వీపు పెట్టి కిటికీ ముందు నిల్చుంది. ఆవిరి పట్టిన అద్దం మీద ఆమె చూపుడు వేలు కదులుతోంది. నేను చూస్తుండగానే అక్కడ ఒక ముఖం వచ్చింది. ప్యాకింగ్ షెడ్డులో అమ్మతో పనిచేసే ఒక మావోరీ పెద్దావిడ, ఒకసారి మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చింది. ఆమే. తల మీద షెడ్డులో పెట్టుకునే వల టోపీ, నవ్వితే చెంపల్లో పడే మడతలు, ఒక కన్ను కొంచెం చిన్నగా చేసి చూసే అలవాటు, అన్నీ నాలుగైదు గీతల్లో ఉన్నాయి. ఆ కళ్ల నుంచి నీటి ధారలు కిందికి జారడం మొదలైంది. అమ్మ తువ్వాలుతో ఒక్క తుడుపు తుడిచింది.

"ఎవరమ్మా అది?" అన్నాను.

అమ్మ ఉలిక్కిపడింది. "ఎవ్వరు లేరు బిడ్డా. నీళ్లు తుడుస్తున్న."

తర్వాత నేను గమనించడం మొదలుపెట్టాను. రొట్టెలు చేసేటప్పుడు పీట మీద మిగిలిన పిండిలో ఆమె వేలు ఎవరిదో ముక్కు గీసేది, అంతలోనే అరచేత్తో చెరిపేది. ఒక ఆదివారం సముద్రపు ఒడ్డున నాన్న టోపీ ముఖం మీద పెట్టుకుని పడుకుంటే, అమ్మ ఒక పుల్ల తీసుకుని తడి ఇసుకలో నా ముఖం గీయబోయింది. నుదురు, రెండు జడలు, గదవ వచ్చాయి. కళ్ల దగ్గరికి వచ్చేసరికి పుల్ల ఆగిపోయింది. అల వచ్చేదాకా కూడా ఉండలేదు, లేచి కాలితో చెరిపేసింది. చెరిపేశాక నన్ను దగ్గరికి లాక్కుని నా తల నిమిరిన తీరు, నేనేదో గండం తప్పించుకుని వచ్చానన్నట్టు ఉంది. బళ్లో మా ఇంటివాళ్ల బొమ్మ గీసుకురమ్మంటే సాయం చెయ్యమని అడిగాను. "నాకు రాదు" అంది. అమ్మ నాతో నేరుగా అబద్ధమాడడం నేను చూసింది అప్పుడే.

మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు ప్రార్థన ఉండేది. నాన్న బైబిల్ చదివేవాడు, అమ్మా నేనూ వినేవాళ్లం. ఒక రోజు ఆయన, యజమాని తన చేతికిచ్చిన సొమ్మును భయపడి మట్టిలో పాతిపెట్టిన పనివాడి కథ చదివాడు. చదివి, కళ్లజోడు తీసి, "పాపం, ఆయన దొంగతనం చెయ్యలే, తాగి తందనాలాడలే. భయపడ్డడు, అంతే. అయినా యజమానికి కోపమెందుకొచ్చిందో సూడు" అన్నాడు. దేవుడు ఎవరికి ఏ తలాంతు, అంటే ఏ విద్య, ఇచ్చినా అది వాళ్లొక్కరి కోసం ఇవ్వడని కూడా అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. అమ్మ లేచి పొయ్యి ఆర్పడానికి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మా ఇంటికి రెండిళ్ల అవతల స్వప్న ఆంటీ ఉండేది. కరీంనగర్ నుంచి పెళ్లయి కొత్తగా వచ్చింది. ఆమె భర్త శ్రీనివాస్ అంకుల్‌ది కంప్యూటర్ ఉద్యోగం. ఆంటీకి ఆ ఊళ్లో అమ్మ తప్ప ఇంకెవరూ తెలియదు. పొద్దున ఉప్పు కోసమని వచ్చి మధ్యాహ్నం దాకా మా వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్లూపుతూ ఊరి కబుర్లు చెప్పేది. మేము చర్చికి పోయేవాళ్లం, వాళ్లింట్లో దేవుడి గూడు ఉండేది, అయినా బతుకమ్మ వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి పూలకు తిరిగేవాళ్లు. తంగేడు లేదు, గునుగు లేదు. ఆ దేశంలో అప్పుడు వసంతకాలం. కాలువ గట్టున దొరికే తెల్ల లిల్లీలు, ఎవరి తోటలోదో అడిగి కోసిన లావెండర్ పేర్చి, మా పెరట్లోనే చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్లు. ఆంటీకి నీళ్లు పోసుకుందని తెలిసిన రోజు అమ్మ పచ్చిపులుసు చేసి గిన్నెడు పట్టుకెళ్లింది.

నెలలు నిండకుండానే ఆంటీకి నొప్పులొచ్చాయి. అంకుల్ ఆఫీసు పని మీద వెల్లింగ్టన్ వెళ్లి ఉన్నాడు. అమ్మే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. బాబు పుట్టాడు. చాలా చిన్నవాడు, ఆ రోజు మధ్యాహ్నం దాకా మాత్రమే ఉన్నాడు. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. ఆంటీ మత్తులో ఉంది. ఇక చెయ్యడానికేమీ లేదని తెలిశాక, కాన్పు చూసే మిడ్‌వైఫ్ ఆ బాబును అమ్మ చేతుల్లో పెట్టింది. చివరిదాకా అమ్మే ఎత్తుకుని కూర్చుంది. అంకుల్ విమానం పట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన ఆ ముఖం చూడలేక గోడ వైపు తిరిగాడు. ఆంటీ మత్తు మధ్యలో కళ్లు తెరిచి బాబును ఒకసారి చూసింది. ఫోటోలు తీసి ఇస్తామని ఆస్పత్రివాళ్లు మెల్లగా అడిగారట. అంకుల్ వాళ్ల అమ్మ ఊరి నుంచి ఫోన్‌లో వద్దంది. పోయిన పసిగుడ్డు బొమ్మ ఎదురుగా ఉంటే తల్లి కోలుకోదని ఆమె భయం. కోడలి మీద ప్రేమతోనే అంది. దాంతో అంకుల్ కూడా వద్దన్నాడు. ఊరి చివరి శ్మశానంలో, గాలికి ఊగే గడ్డి పక్కన బాబును పూడ్చిపెట్టారు.

ఆ తర్వాత ఆంటీ ఉప్పుకు రాలేదు. అమ్మే వెళ్లి తల దువ్వి, అన్నం కలిపి పెట్టి వచ్చేది. పండ్ల కాలం అయిపోయి మళ్లీ కిటికీలు చెమర్చే రోజులొచ్చాక, ఒక సాయంత్రం ఆంటీ మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నా బిడ్డ మొహం నాకు యాదికొస్తలేదు" అంది. "నిన్నటిదాంక ఉండె. పొద్దున లేషి సూస్తె లేదు. నువ్వు ఎత్తుకున్నవ్ గద, జర చెప్పక్కా, ఎట్లుండె?"

అమ్మ చెప్పబోయింది. "ముద్దుగుండె" అంది. "నెత్తి మీద సన్నగ ఎంటికలుండె." ఏ తల్లికైనా ఏ బిడ్డ గురించైనా చెప్పే మాటలే అవి. ఆంటీ ఆ మాటలు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఏమీ కనబడనట్టుంది, కళ్లు తెరిచేసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"అమ్మకు గీయొస్తది ఆంటీ" అన్నాను. "ఎవల మొహమైనా గీస్తది. నేను సూసిన."

అమ్మ ముఖంలో రంగు పోయింది. ఆంటీ అమ్మ వైపు చూసింది. గీయమని అడగకుండానే, పట్టుకున్న చెయ్యి వదిలి వెళ్లిపోయింది.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నాన్న వచ్చాక, అన్నాల దగ్గర, తలెత్తకుండా మొదలుపెట్టింది. హనుమకొండలో వాళ్ల ఇంటి గోడల నిండా చిన్నప్పుడు ఆమె బొగ్గుతో ముఖాలే గీసేదట. వాడకట్టు అంతా వచ్చి మాది గీయి, మాది గీయి అనేవాళ్లట. ఆమెకో తమ్ముడు, పేరు దేవదాసు, ముద్దుగా దాసు. ఒక మధ్యాహ్నం వాడు చాప మీద నిద్రపోతుంటే పక్కనే గోడ మీద వాడి ముఖం గీసింది, మూసిన కళ్లతో. ఆ వారంలోనే వాడు జ్వరంతో పోయాడు.

"కళ్లు మూసినట్టు గీసింది, అందుకే పోయిండన్నరు" అంది అమ్మ. "ఎవలో ఒక్కలనలే, అందరన్నరు. మా అమ్మ ఏమనలే గాని, గోడకు సున్నమేసింది. నేను మల్ల బొగ్గు ముట్టలే."

నాన్న అన్నం కలపడం ఆపేశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట ఆయనకూ తెలియదు.

"వానిది ఒక్క ఫోటో సుత లేదు. కొన్ని దినాలకు మా అమ్మ ఆ గోడ కాడ కూసోని గోరుతోని సున్నం గీకేది. గీకితే సున్నంతో పాటు బొగ్గు గూడ రాలిపాయె. వేళ్లు నెత్తుర్లయితుండె. నేను తలుపు సాటుకు నిలవడి సూస్తుండె. మల్ల గీయాలె అంటె గీసేదాన్ని, వాని మొహం నాకు ఎరుకే. నా చేతిల ఉన్నది. భయమయింది. గీయలే." అమ్మ అప్పుడు తలెత్తింది. "మా అమ్మ కొడుకు మొహం సూడకుంటనే సచ్చిపోయింది."

నాన్న లేచి అమ్మ కంచం కూడా తానే తీశాడు.

శనివారం పొద్దున అమ్మ భోజనాల బల్ల తుడిచి, ప్రార్థనకు కూర్చునే ముందులా చేతులు కడుక్కుని, నా పెన్సిలూ కాగితమూ అడిగింది. చాలాసేపు ఏమీ గీయలేదు. ఎడమ చెయ్యి ఒళ్లో వంచి పెట్టుకుంది, అక్కడ ఒక బిడ్డ ఉన్నట్టుగా. మొదట చెవి గీసింది. ఎందుకంటే ఆ చెవే ఆమె మోచేతి వంపులో ఆనుకుని ఉండింది. తర్వాత పలచటి నుదురు, కొంచెం పైకి లేచిన పై పెదవి, ముడుచుకున్న గదవ. పెన్సిల్ వణికిన చోట గీత రెండుగా వచ్చింది, అది చెరపలేదు. కళ్ల దగ్గర ఆగింది. నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అమ్మ పెదవులు కదిలాయి. ఏమని వేడుకుందో తెలియదు. మూసిన కళ్లే గీసింది.

మేము ముగ్గురం కలిసి ఆంటీ ఇంటికి నడిచి వెళ్లాం. ఆంటీ కాగితం తీసుకుని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్లింది. అంకుల్ వెనకనే వచ్చి నిలబడ్డాడు, ఈసారి ముఖం తిప్పుకోలేదు. చెవి గీత మీద వేలు పెట్టి ఆంటీ, "సెవులు మా నాయినయి" అంది. అని ఏడ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె ఏడవడం అదే మొదటిసారని అంకుల్ తర్వాత నాన్నతో చెప్పాడట.

అప్పటికీ అమ్మ భయం పోలేదు. పోయినవాడి బొమ్మ వేరు, బతికున్నవాళ్ల బొమ్మ వేరు. నేను వదల్లేదు, నన్ను గీయమని రోజూ వెంటపడ్డాను. చివరికి ఒక రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గీసింది, తెరిచిన కళ్లతో. దాన్ని ఫ్రిజ్ మీద అంటించాను. కొద్ది రోజులకే నాకు జ్వరమొచ్చింది, ఛాతీ పట్టేసింది. ఏటా వచ్చేదే. కాని అమ్మ చేతులు చల్లగా అయిపోవడం నాకు దుప్పటిలోంచే తెలిసింది. డాక్టర్ మందులిచ్చి పంపాడు. మధ్యాహ్నం మగతలో కళ్లు తెరిస్తే, అమ్మ ఫ్రిజ్ మీది బొమ్మ చేతిలో పట్టుకుని నా మంచం పక్కన నిల్చుంది. చింపేస్తుందనుకున్నాను. అంత చిన్న వయసులోనూ, అది చింపేస్తే ఇక ఎప్పటికీ పెన్సిల్ పట్టదని నాకు అర్థమైంది. కాని మళ్లీ నిద్ర పట్టేసింది.

లేచేసరికి చెమటలు పట్టి ఒళ్లు చల్లబడింది. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. బొమ్మ చిరగలేదు. దాన్ని తిరగేసి, వెనక వైపు ఇంకో బొమ్మ గీసింది. దుప్పటి గదవ దాకా కప్పుకుని, నోరు కొంచెం తెరుచుకుని, కళ్లు మూసుకుని నిద్రపోతున్న నేను.

"నిద్రల నువ్వు ఎట్లుంటవో సూసుకుంట కూసున్న" అంది. నా నుదురు ముట్టుకుని, లేచి, జావ కాచడానికి వెళ్లింది.

ఆ తర్వాత అమ్మ ఎవరడిగినా కాదనలేదు. షెడ్డులో టీ విరామంలో పండ్ల పెట్టె మూతల మీద తోటివాళ్ల ముఖాలు గీసింది. ఆ మావోరీ పెద్దావిడ తనది ఇంటికి తీసుకెళ్లి గోడకు పెట్టుకుంది. వృద్ధాశ్రమంలో పేర్లు మర్చిపోయిన ముసలివాళ్ల ఎదురుగా కూర్చుని గీస్తే, వాళ్లు ఆ బొమ్మలో తమ ముఖం చూసి అన్న పేరో చెల్లెలి పేరో చెప్పేవాళ్లు. ఊళ్లో ఎవరింట్లోనైనా ఫోటో లేని తాతో అవ్వో ఉంటే, వాళ్లు చెప్పుకుంటూ పోతుంటే అమ్మ గీసుకుంటూ పోయేది. ముక్కు ఇంకొంచెం పొడుగు అనేవాళ్లు, కాదు కాదు అనేవాళ్లు, ఉన్నట్టుండి మాట ఆగిపోయేది. అప్పుడు అమ్మ పెన్సిల్ కింద పెట్టేది.

ఆ చెక్క ఇల్లు ఇప్పుడు లేదు. కూలగొట్టి, ఆ జాగాలో చెమ్మ పట్టని రెండు పొరల అద్దాలతో వరసగా కొత్త ఇళ్లు కట్టారు. షెడ్డులో చేతులు చేసే పని చాలావరకు యంత్రాలు చేస్తున్నాయి. గేటు ముందర బుట్టలు పెట్టేవాళ్లు తగ్గారు. స్వప్న ఆంటీ వాళ్లు బ్రిస్బేన్ వెళ్లి సెటిల్ అయ్యారు. తర్వాత వాళ్లకొక కూతురు పుట్టింది, ఆ పిల్ల తన అన్న బొమ్మ చూస్తూ పెరిగింది. ఆ మావోరీ పెద్దావిడ పోయింది. చూపు మందగించి నాన్న ప్రార్థనలో చదవడం మానేశాడు, ఆదివారాలు నేనే ఫోన్‌లో చదివి వినిపిస్తాను.

నాకు పాప పుట్టి ఇంకా వారం కాలేదు. అమ్మ టౌరంగా నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. నిన్న మధ్యాహ్నం పాప నా ఒళ్లో పాలు తాగి నిద్రపోయింది. అమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది, ఒళ్లో కాగితం పెట్టుకుంది. పాప కళ్లు మూసుకుని ఉంది. అంతా తెలిసినదాన్ని, ఇక్కడే చదువుకున్నదాన్ని, నాకలాంటి నమ్మకాలేవీ లేవనుకున్నదాన్ని, పాపను పక్కకు తిప్పేసుకున్నాను.

అమ్మ పెన్సిల్ ఆపి నా వైపు చూసింది. కోప్పడలేదు.

"భయమయితుందా బిడ్డా?"

"అవునమ్మా."

"నాకు గూడ అయితుంది" అంది అమ్మ. "ఇప్పటికి సుత, గీసినప్పుడల్లా అయితది."

అలా అని, పెన్సిల్ కింద పెట్టకుండా, నేను ఏం చేస్తానో అని ఎదురుచూస్తూ కూర్చుంది. నేను పాపను మళ్లీ అమ్మ వైపు తిప్పి, నుదురు బాగా కనబడేలా, ఉన్ని టోపీని కొంచెం వెనక్కి జరిపాను.